బడి గోడ మీద పేర్లే ఎందుకు రాయాలి

పారిస్ నడిబొడ్డున మరే అనే పాత పేట ఉంది. అక్కడ ర్యూ దెజ్ ఓస్పిటాలియేర్ సెన్ జెర్వే అనే చిన్న వీధిలో ఒక ప్రాథమిక పాఠశాల. దాని గోడ మీద ఉన్న ఫలకం చెప్పేది ఇది: ఈ బడికి చెందిన 165 మంది యూదు పిల్లల్ని రెండో ప్రపంచ యుద్ధకాలంలో జర్మనీకి తరలించారు, వాళ్లు నాజీ శిబిరాల్లో హతమయ్యారు, మరచిపోకండి.

ఆ ఫలకం పెట్టించినవాళ్ల మీద నాకు గౌరవమే. వాళ్ల దుఃఖం నిజమైనది. కానీ అందులో ఒక్క పిల్ల పేరు లేదు. వాళ్లని ఇళ్లలోంచి ఎవరు పట్టుకెళ్లారో లేదు. ‘జర్మనీకి’ అన్న మాట కూడా చదివేవాళ్లని పక్కదారి పట్టిస్తుంది. పారిస్ పిల్లల్ని ఎక్కించిన రైళ్లలో అత్యధికం వెళ్లింది ఆష్విట్జ్ అనే చోట ఉన్న నాజీ మరణశిబిరానికి. అది జర్మనీ ఆక్రమించి తనలో కలిపేసుకున్న పోలండ్ నేల.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. బడి పిల్లల కోసం పెట్టే స్మారకంలో ప్రతి పిల్లా పిల్లవాడి పేరూ ఉండాలి, పట్టించినవాళ్ల పేరూ ఉండాలి, అది ఆ బడిలోనే ఉండాలి. ఈ మూడింటిలో ఏది లేకపోయినా ఆ రాయి సంతాప సందేశంగా మిగులుతుంది తప్ప జరిగిన దానికి సాక్ష్యం కాదు.

జరిగిందేమిటో ముందు చూద్దాం. 1942 జూలై 16 తెల్లవారుజామున నాలుగు గంటలకు పారిస్‌లోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ పోలీసులు యూదుల ఇళ్ల తలుపులు కొట్టారు. వాళ్లు జర్మన్ సైనికులు కారు, ఫ్రెంచి పోలీసులు. వాళ్ల చేతుల్లో ఉన్నది పారిస్ పోలీసు శాఖ స్వయంగా తయారు చేసుకున్న కార్డుల కట్టలు: పేరు, చిరునామా, పుట్టిన తేదీ, జాతీయత. ఆ రోజూ మర్నాడూ కలిపి 13,152 మందిని అరెస్టు చేశారు. అందులో 4,115 మంది పిల్లలు. పిల్లలున్న కుటుంబాలను నగరం పడమటి వైపున్న వెలోడ్రోమ్ దివేర్ అనే సైకిల్ పందేల స్టేడియంలో కుక్కారు. పారిస్ వాళ్లు దాన్ని ‘వెల్ దివ్’ అంటారు. ఆ అరెస్టులకు ఆ పేరే స్థిరపడింది.

జర్మన్లు మొదట్లో అడిగింది పదహారేళ్లు పైబడిన వాళ్లనే. జర్మన్లు అప్పటికింకా ఆక్రమించని దక్షిణ ప్రాంతం నుంచి పంపే కుటుంబాలతో పాటు పదహారేళ్ల లోపు పిల్లల్ని కూడా తీసుకుపొమ్మని ప్రతిపాదించింది, జర్మనీతో చేతులు కలిపిన ఫ్రెంచి ప్రభుత్వం, అంటే విషీ ప్రభుత్వపు అధినేత పియర్ లవాల్. ఆక్రమిత ప్రాంతంలోని పిల్లల సంగతి తనకు పట్టదని కూడా అన్నాడు. ఈ మాట జూలై 6న జర్మన్ అధికారి డానెకర్ బెర్లిన్‌కు పంపిన సందేశంలో ఉంది. పిల్లల్ని కూడా రైలెక్కించవచ్చని బెర్లిన్ నుంచి జవాబు వచ్చేసరికి పారిస్ పిల్లల అరెస్టులు అయిపోయాయి.

వెల్ దివ్ నుంచి కుటుంబాలను లువారే జిల్లాలోని పితివియే, బోన్-లా-రొలాండ్ శిబిరాలకు తరలించారు. అక్కడ తల్లులను, కాస్త పెద్ద పిల్లలను విడదీసి ముందు పంపేశారు. చిన్నపిల్లలు ఒంటరిగా మిగిలారు. ఆగస్టు రెండో పక్షంలో వాళ్లని పారిస్ శివార్లలోని డ్రాన్సీ శిబిరానికి తెచ్చి, ముక్కూమొహం తెలియని పెద్దవాళ్లతో కలిపి ఆష్విట్జ్ రైళ్లెక్కించారు. రెండేళ్ల పిల్లకి ఇంటిపేరేం తెలుస్తుంది? రైలు జాబితాలు టైపు చేసేటప్పుడు కొందరి పేరు ఉండాల్సిన చోట ప్రశ్నార్థకం కొట్టి వదిలేశారు. పేర్ల గురించి నేనింత పట్టుబట్టడానికి ఇది పెద్ద కారణం. మనుషుల్ని చంపడానికి ముందే వాళ్ల పేర్లు పోయాయి. స్మారకం కూడా వాళ్లని లెక్కగానే చూపిస్తే ఆ జాబితా చేసిన పనినే కొనసాగించినట్టవుతుంది.

1942 మార్చి 27న బయల్దేరిన మొదటి రైలుతో మొదలుపెట్టి మొత్తం దాదాపు 76,000 మంది యూదులను ఫ్రాన్స్ నుంచి తరలించారు. అందులో పిల్లలు 11,000 మందికి పైనే. తిరిగి వచ్చిన పిల్లలు చాలా కొద్దిమంది. డ్రాన్సీ నుంచి ఆష్విట్జ్‌కు చివరి పెద్ద రైలు, లెక్క ప్రకారం 77వది, 1944 జూలై 31న కదిలింది. అంటే పారిస్ విముక్తికి నాలుగు వారాలు కూడా లేని రోజు. పారిస్ చుట్టుపక్కల అనాథాశ్రమాల మీద దాడులు చేసి పట్టుకొచ్చిన పిల్లలతో కలిపి, ఆ రైల్లో 300 మందికి పైగా పిల్లలున్నారు.

ఇక బడి సంగతి. విషీ ప్రభుత్వం 1940 అక్టోబరు చట్టంతో యూదు టీచర్లను ఉద్యోగాల్లోంచి తీసేసింది. కానీ ఫ్రాన్స్ ప్రధాన భూభాగంలో యూదు పిల్లల్ని ప్రభుత్వ బడుల నుంచి వెళ్లగొట్టలేదు. (అల్జీరియాలో మాత్రం కోటా పెట్టి వేలమందిని గెంటేశారు.) కాబట్టి పారిస్ పిల్లలు చివరిదాకా తమ తరగతిలోనే, తమ బల్ల మీదే కూర్చున్నారు. 1942 జూన్ 7 నుంచి ఆరేళ్లు నిండినవాళ్లు చొక్కాకి యూదులని తెలిపే పసుపు నక్షత్రం కుట్టించుకుని బడికొచ్చారు. ఒకటో తరగతి పిల్లలు కూడా. ఐదు వారాల తర్వాత, వేసవి సెలవులు మొదలవుతుండగా, అరెస్టులు. అక్టోబరు 1న బడి తెరిచినప్పుడు ఓస్పిటాలియేర్ సెన్ జెర్వే బడికి వచ్చింది నలుగురు పిల్లలని చెబుతారు. ఆ బడి హెడ్మాస్టరు జోసెఫ్ మిన్యెరే మిగిలిన పిల్లలకు దొంగ గుర్తింపు కాగితాలు సంపాదించిపెట్టి, కొందరిని దాచి కాపాడాడు. యూదుల్ని కాపాడిన యూదేతరులకు ఇజ్రాయెల్‌లోని స్మారక సంస్థ యాద్ వాషెమ్ ఇచ్చే గౌరవం ఆయనకు దక్కింది. పక్కనే ఉన్న తోటకిప్పుడు ఆయన పేరుంది.

పిల్లలు చివరిదాకా బడిలో ఉన్నారు కాబట్టి ఆధారం కూడా బడిలోనే ఉంది. అడ్మిషన్ రిజిస్టరు. 1990ల చివర్లో పారిస్ 20వ వార్డులోని ర్యూ ద త్లెమ్‌సెన్ బడి పాత విద్యార్థులు ఒక కమిటీగా కూడి మొదలుపెట్టిన పని ఇదే. వాళ్లని చూసి ఒక్కొక్క వార్డులో ఒక్కో సంఘం ఏర్పడింది. ఇవాళ పారిస్‌లో వందలాది బడుల గుమ్మాల పక్కన నల్లటి ఫలకాలు కనిపిస్తున్నాయంటే దాని వెనుక ఉన్నది శిల్పులు కాదు, రిజిస్టర్ల దుమ్ము దులిపిన రిటైరైన మనుషులు.

ఈ పని ఎలా చేస్తారో వివరంగా చెప్పడం అవసరం. ఎందుకంటే స్మారకం అనగానే అందరూ రాయి గురించి, ఆవిష్కరణ సభ గురించి మాట్లాడతారు. అసలు శ్రమంతా అంతకుముందే అయిపోతుంది.

మొదట రిజిస్టరు దొరకాలి. అది బడి బీరువాలోనో, అటక మీదో, నేలమాళిగలోనో, నగర ఆర్కైవ్స్‌లోనో ఉంటుంది. అప్పట్లో ఒకే భవనంలో మగపిల్లల బడి, ఆడపిల్లల బడి, శిశు పాఠశాల వేరువేరుగా ఉండేవి, రిజిస్టర్లూ వేరే. తర్వాత వాటిని కలిపేశారు, కొన్నిటి పేర్లు మార్చారు. ఒక్క రిజిస్టరు చూసి పని అయిందనుకుంటే సగం మంది పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, జాబితాలోంచి జారిపోతారు.

రిజిస్టర్లో వరుసగా ఉండేవి: పేరు, పుట్టిన తేదీ, పుట్టిన ఊరు, తండ్రి లేదా సంరక్షకుడి పేరు, వృత్తి, చిరునామా, చేరిన తేదీ, వెళ్లిన తేదీ. మతం ఉండదు. ఫ్రెంచి ప్రభుత్వ బడి మతం రాయదు. అందుకని రిజిస్టరు చూసి ‘ఇవి యూదు పేర్లలా ఉన్నాయి’ అని ఏరుకోవడం మొదలుపెట్టకూడదు. అది పద్ధతి కాదు, పైగా అది 1942లో పోలీసులు ఆలోచించిన తీరు. చేయాల్సింది తిరగతిప్పి: తరలింపు జాబితా నుంచి రిజిస్టరుకి రావాలి. చరిత్రకారుడు సెర్జ్ క్లార్స్‌ఫెల్డ్ 1978లో రైలు వారీగా ప్రచురించిన జాబితా, ఆ తర్వాత పిల్లల కోసం విడిగా కూర్చిన జాబితా, ఇప్పుడు పారిస్‌లోని షోఆ (యూదుల సామూహిక సంహారం) స్మారక కేంద్రం ఆన్‌లైన్లో పెట్టిన డేటాబేస్ ఇందుకు ఆధారం. వాటిలో చివరి చిరునామా చూసి, ఆ వీధి పిల్లలు ఏ బడికి వెళ్లేవారో తేల్చుకుని, అప్పుడు ఆ బడి రిజిస్టర్లో వెతకాలి.

ఇక్కడే చిక్కులన్నీ. తరలింపు జాబితాలు పల్చటి కాగితం మీద కార్బన్ కాపీలుగా మిగిలాయి. కొన్ని అక్షరాలు అలుక్కుపోయాయి. పోలండ్ నుంచి వచ్చిన కుటుంబాల పేర్లను పోలీసు గుమాస్తా ఒకలా, టీచరు ఒకలా, డ్రాన్సీ టైపిస్టు ఇంకోలా రాశారు. ఇంటిపేరు మధ్యలో ‘ఎస్’ అక్షరమా ‘జెడ్’ అక్షరమా అన్న తేడాకే ఒక పిల్ల ఇద్దరు పిల్లలవుతుంది. ఇంట్లో పిలిచే పేరు ఖాయిమ్, బడిలో ఆన్రీ. అందుకని పేరు కలిసింది కదా అని ఊరుకోకూడదు. పుట్టిన తేదీ కలవాలి, లేదా చిరునామా, తండ్రి పేరు రెండూ కలవాలి. ఆ రెండింట్లో ఒక్కటే కలిస్తే ఆ పేరుని పక్కన పెట్టి ఇంకో ఆధారం కోసం వెతకడమే.

‘వెళ్లిన తేదీ’ గడిని నమ్ముకుని పొరపాటు చేసేవాళ్లూ ఉంటారు. 1942 జూలైలో ఆ గడి ఖాళీగా ఉంటే అరెస్టయ్యారని కాదు. ఆ పిల్ల దక్షిణానికి పారిపోయి ఉండొచ్చు, ఏదో పల్లెటూరి రైతు ఇంట్లో బతికి ఉండొచ్చు. అలాగే 1941లోనే బడి మారిన పిల్లవాడు ఇంకో వార్డులో అరెస్టై ఉండొచ్చు. అలాంటివాడి పేరు ఏ బడిలో పెట్టాలి? నా లెక్కలో రెండు చోట్లా పెట్టాలి. ఫలకాలన్నీ కూడితే మొత్తం సంఖ్య సరిపోదన్న భయం అక్కర్లేదు. లెక్క తేల్చడానికి డేటాబేస్ ఉంది. గోడ మీద రాత ఆ బడి జ్ఞాపకం.

మరణ ధ్రువపత్రాలతో ఇంకా జాగ్రత్త. యుద్ధం ముగిశాక చాలామందికి ‘డ్రాన్సీలో మరణించారు’ అని రాసి పత్రాలిచ్చేశారు. అంటే కాగితం ప్రకారం ఆ పిల్ల పారిస్ శివార్లలో చనిపోయింది, ఆష్విట్జ్ అన్న మాటే లేదు. 1985 మే 15 నాటి చట్టం వచ్చాక ‘తరలింపులో మరణం’ అన్న నమోదు మొదలైంది, పాత పత్రాలను ఒక్కొక్కటిగా సరిచేస్తూ వస్తున్నారు. తేదీ తెలియని చోట రైలు బయల్దేరిన రోజుకి ఐదు రోజులు కలిపి రాస్తారు. కాబట్టి పాత పత్రం చూసి మరణ స్థలమూ తేదీ ఫలకం మీద చెక్కించకూడదు. పేరు, తరలించేనాటికి వయసు, ఇవి రెండూ చాలు. వయసు తప్పకుండా ఉండాలి. ఏడేళ్లు అని చదివిన రెండో తరగతి పిల్లకి ఇంకే వివరణా అక్కర్లేదు.

పేర్ల వరుస కూడా తేలిక కాదు. ఇంటిపేరు ప్రకారం అక్షర క్రమంలో పెడితే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఒకచోట ఉంటారని అనుకుంటాం. కానీ పోలండ్ నుంచి వచ్చిన చాలామంది దంపతులది మతాచారం ప్రకారం జరిగిన పెళ్లి, ప్రభుత్వ లెక్కలో అది పెళ్లే కాదు. దాంతో పిల్లల్లో కొందరికి తల్లి ఇంటిపేరు, కొందరికి తండ్రిది. అక్షర క్రమం వాళ్లని విడగొడుతుంది. చిరునామా, తల్లిదండ్రుల పేర్లు పక్కపక్కన పెట్టి చూస్తే ఇది బయటపడుతుంది. అప్పుడు వాళ్లని ఒకే చోట రాయడం మంచిది.

ఇక రాత విషయం. పాత ఫలకాల్లో నేరం అంతా ‘నాజీలు’ అన్న ఒక్క మాటలో ముగిసేది. 1995 జూలై 16న అధ్యక్షుడు జాక్ షిరాక్ వెల్ దివ్ స్మారక సభలో మాట్లాడుతూ ఈ నేరంలో ఫ్రెంచి రాజ్యానికి భాగం ఉందని మొదటిసారి అధికారికంగా ఒప్పుకున్నాడు. ఆ తర్వాత వచ్చిన పారిస్ బడి ఫలకాల్లో విషీ ప్రభుత్వం పేరు సూటిగా కనిపిస్తుంది. ఈ పిల్లల్ని తరలించింది యూదులుగా పుట్టినందుకేనని, అందులో విషీ ప్రభుత్వం చురుగ్గా పాల్గొందని ఉంటుంది. పార్కుల్లో పెట్టిన పలకల మీద ఇంకా స్పష్టంగా, నాజీ ఆక్రమణదారులతో చేతులు కలిపిన విషీ ప్రభుత్వపు పోలీసులు అరెస్టు చేశారని రాశారు. నా దృష్టిలో గోడ మీద ఉండాల్సిన వాక్యం ఇదే. నేరానికి కర్త ఉన్నాడు, ఆ కర్త ఈ ఊరివాడు, యూనిఫారం వేసుకుని మెట్లెక్కి వచ్చాడు. అది చెప్పకపోతే చదివిన పిల్లలు ఈ ఘోరం ఎక్కడో దూరదేశపు మనుషులు చేసిన పని అనుకుంటారు.

ఆ పార్కు పలకల గురించి ఇంకో మాట. బడి ఫలకాలు పెడుతూ పోతుంటే సంఘాల వాళ్లకి ఒక సంగతి అర్థమైంది: మూడేళ్ల లోపు పిల్లలు ఏ రిజిస్టర్లోనూ లేరు. బడికి వెళ్లే వయసే రాలేదు వాళ్లకి. వాళ్ల కోసం ఆయా వార్డుల పార్కుల్లో విడిగా పలకలు నిలబెట్టారు. 3వ వార్డులో స్క్వేర్ ద్యు తాంప్ల్‌లో ఉన్న పలక మీద ఎనభై మందికి పైగా పసిపిల్లల పేర్లు, వయసులు ఉన్నాయి. కొందరి వయసు నెలల్లో రాసి ఉంటుంది. బడికి వెళ్లే సమయమే దొరకని పసివాళ్లని అక్కడ రాశారు. ‘దారిన పోయేవాడా, వాళ్ల పేర్లు చదువు, నీ జ్ఞాపకమే వాళ్లకున్న ఒకే ఒక్క సమాధి’ అని కూడా ఉంటుంది. చుట్టూ పిల్లలు ఆడుకుంటుంటారు. 1942 జూలై 8 నాటి జర్మన్ ఉత్తర్వు యూదులు పార్కుల్లోకి అడుగుపెట్టకూడదంది. ఈ పసివాళ్లకి చివరి వారంలో ఉయ్యాల కూడా నిషేధమే. పలక మీద ఈ ఉత్తర్వు సంగతి కూడా ఒక వాక్యం ఉంటే బాగుండేది.

ఈ ఫలకాలకు అభ్యంతరాలు వచ్చాయి, ఇంకా వస్తాయి. ఫ్రెంచి గణతంత్రం పౌరుల్ని మతాన్నిబట్టి విడదీయదు, మరి యూదు పిల్లలని విడిగా ఎందుకు రాయాలన్నది ఒకటి. మర్యాదగా వినిపించే మాటే. కానీ విడదీసింది రాజ్యం, కార్డులు రాసి, నక్షత్రాలు కుట్టించి. ఎందుకు చంపారో చెప్పకుండా చంపిన సంగతి చెబితే అబద్ధం చెప్పినట్టే.

ఆరేళ్ల పిల్లలు రోజూ బడికి వచ్చేటప్పుడు చావు మాట చదవాలా అన్నది ఇంకొకటి. ఇది తల్లిదండ్రుల నుంచి వచ్చే ప్రశ్న, దీన్ని తోసిపుచ్చను. పారిస్‌లో చాలా బడులు చేసింది సబబుగా ఉంది: బయట గుమ్మం పక్కన సాధారణ ఫలకం, లోపల హాల్లో పేర్ల ఫలకం. చిన్న తరగతుల్లో పేర్లు, వయసులు చదివించి ఆపేస్తారు. శిబిరాల సంగతి పై తరగతుల్లో చెబుతారు. పేరు చదవడానికి ఏ వయసూ చిన్నది కాదు.

అన్ని గోడల మీదా ఫలకాలైతే ఎవరూ చూడరన్న వాదన కూడా ఉంది. ఇందులో నిజముంది. రోజూ కనిపించేదాన్ని కన్ను వదిలేస్తుంది. దానికి మందు ఫలకాలు తగ్గించడం కాదు, వాటికి పని కల్పించడం. బెర్లిన్‌లో షోనెబెర్గ్ ప్రాంతంలోని లోక్‌నిట్జ్ ప్రాథమిక పాఠశాల ఇందుకు నాకు తెలిసిన మంచి ఉదాహరణ. ఒకప్పుడు యూదు ప్రార్థనా మందిరం ఉన్న స్థలంలో ఉందది. 1994 నుంచి ఏటా ఆరో తరగతి పిల్లలు ఆ పేట నుంచి తరలించిన యూదుల జాబితాలోంచి ఒక్కొక్క పేరు ఎంచుకుంటారు. తన వీధిలో ఉన్నవారినో, తన పుట్టినరోజే ఉన్నవారినో. ఆ మనిషి గురించి దొరికినంత వెతికి, ఒక ఇటుక మీద పేరు రాసి, ఆవరణలోని గోడకు చేర్చుతారు. గోడ ఏటా పెరుగుతుంది. ఇప్పుడు వెయ్యి ఇటుకలు దాటింది. అక్కడ ఏ పిల్లవాడికీ ఆ గోడ పాతబడదు, ఎందుకంటే వాడి ఇటుక ఇంకా పెట్టాల్సి ఉంది. ఫ్రాన్స్‌లో 77వ రైలు మీద ఇలాంటి పనే జరుగుతోంది: అందులో ఉన్న 1,300 మందికి పైగా మనుషుల జీవిత చరిత్రల్ని అనేక దేశాల హైస్కూలు విద్యార్థులు ఒక్కొక్కటిగా రాస్తున్నారు.

జర్మనీలో పని తీరు వేరు, దానికి కారణం కూడా ఉంది. అక్కడ 1938 నవంబరు 15 ఉత్తర్వుతో యూదు పిల్లల్ని ప్రభుత్వ బడుల నుంచి పూర్తిగా వెళ్లగొట్టారు. 1942 వేసవిలో యూదు బడుల్ని కూడా మూసేశారు. కాబట్టి తరలించే రోజుకి ఆ పిల్లలు ఏ బడిలోనూ లేరు. వెతికేవాళ్లు 1933 నుంచి 1938 దాకా ఉన్న రిజిస్టర్లు చూడాలి. ఆ టీసీల తేదీలే నేరపు మొదటి అంకం. ‘1936 దాకా ఇక్కడ చదివింది’ అన్న వాక్యం ఫలకం మీద ఉంటే, తరలింపు ఒక్క రోజులో ఊడిపడలేదని, ముందు బల్ల లాక్కున్నారని, ఆ తర్వాత ఇల్లు, ఆ తర్వాత ప్రాణమని తెలుస్తుంది.

జర్మనీలో ఎక్కువగా కనిపించేవి జర్మన్ కళాకారుడు గుంటర్ డెమ్నిగ్ 1990లలో మొదలుపెట్టిన ‘స్టోల్పర్‌స్టైన్’ రాళ్లు. పది సెంటీమీటర్ల కాంక్రీటు దిమ్మ, పైన ఇత్తడి రేకు, దాని మీద ఒక్కొక్క అక్షరం సుత్తితో కొట్టి అచ్చువేస్తారు. మామూలుగా ఆ మనిషి తన ఇష్టప్రకారం ఉన్న చివరి ఇంటి ముందు, పేవ్‌మెంట్‌తో సమానంగా పాతుతారు. బలవంతంగా కుక్కిన ఇంటి ముందు కాదు. ‘ఇక్కడ నివసించారు’ అని మొదలవుతుంది రాత. బడి ముందైతే ‘ఇక్కడ చదివారు’. 2023 మేలో న్యూరెంబర్గ్‌లో లక్షో రాయి పెట్టారు. ఒక్క రాయికి ఒక్క మనిషి, అదీ దాని బలం.

అయితే పేరు కాళ్ల కింద ఉంటుంది. కాలికి కాగితం తగిలితే కళ్లకద్దుకునే మనలాంటివాళ్లకి ఇది చివుక్కుమనిపిస్తుంది. మ్యూనిక్‌లో యూదు సమాజ నాయకురాలు షార్లోట్ నోబ్లోక్ ఇదే మాట గట్టిగా అన్నారు. ఆ నగరం తన వీధుల్లో ఈ రాళ్లను ఒప్పుకోకుండా, 2018 నుంచి కంటి ఎత్తులో గోడకు బిగించే పలకలు, స్తంభాలు పెడుతోంది. చదవాలంటే తల వంచాలి, అదే నమస్కారమని రాళ్లను సమర్థించేవాళ్లంటారు. ఇళ్ల ముందు సంగతి ఎలా ఉన్నా, బడి ముందు మాత్రం నేను మ్యూనిక్ పక్షమే. గంట కొట్టగానే మూడొందల మంది పిల్లలు పరుగెత్తే గుమ్మంలో నేల మీది రాయిని ఎవరూ చదవరు.

గోడ ఫలకం అనుకుంటే కొన్ని లెక్కలు ముందే వేసుకోవాలి. 165 పేర్లు వయసులతో సహా రాయాలనుకుందాం. అక్షరం ఎత్తు ఒకటిన్నర సెంటీమీటర్ల కంటే తగ్గితే గుంపులో వెనక నిల్చున్న పిల్లకి కనబడదు. వరుసకి రెండున్నర సెంటీమీటర్ల చొప్పున మూడు నిలువు వరుసలు, ఒక్కో దాంట్లో 55 పేర్లు, అంటే పేర్లకే 137 సెంటీమీటర్లు. పైన వాక్యానికి చోటు కలిపితే ఫలకం సుమారు 90 సెంటీమీటర్ల వెడల్పు, 160 ఎత్తు. రెండు సెంటీమీటర్ల మందం పాలరాయి అయితే బరువు 78 కిలోల దాకా వస్తుంది. అంత బరువు ప్లాస్టరింగ్ మీద నిలవదు, లోపలి ఇటుక లేదా రాతి కట్టుబడిలోకి బోల్టు దిగాలి. మూడు పలకలుగా విడగొడితే ఒక్కోటి 26 కిలోలు, ఇద్దరు మనుషులు ఎత్తి బిగించగలరు, పగిలితే ఒక్కటే మార్చుకోవచ్చు. బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీలువే వాడాలి. మామూలు ఇనుము తుప్పుపట్టి ఉబ్బుతుంది, కొన్నేళ్లకు రాయి మూలలు పగులుతాయి, ఎర్రటి చారలు పేర్ల మీదుగా కారతాయి. ఫలకం అడుగు అంచు నేల నుంచి 60 సెంటీమీటర్ల దగ్గర ఉంటే, మధ్య వరుసలు ఎనిమిదేళ్ల పిల్ల కంటి ఎత్తుకి దగ్గరగా ఉంటాయి. గంభీరంగా ఉంటుందని మూడు మీటర్ల ఎత్తున బిగించేవాళ్లుంటారు. అది మేయరు ఫొటోకి బాగుంటుంది.

బంగారు రంగు నింపిన అక్షరాలు దక్షిణం వైపు గోడ మీద పడే ఎండకి పదీ పదిహేనేళ్లలో వెలుస్తాయి. మళ్లీ నింపే ఖర్చు ఎవరిదో ముందే రాసుకోవాలి: మునిసిపాలిటీదా, బడిదా, సంఘానిదా. ఈ సంఘాల్లో ఉన్నవాళ్లు వయసుమళ్లినవాళ్లు, ఎల్లకాలం ఉండరు. ఇత్తడి అయితే గాలికి నల్లబడుతుంది. మెత్తటి గుడ్డతో, మామూలు ఇత్తడి పాలిష్‌తో రుద్దితే చాలు. స్టీలు పీచు, యాసిడ్ వాడితే అక్షరాల అంచులు తినేస్తాయి. జర్మనీలో 1938లో యూదుల మీద దాడులు జరిగిన నవంబరు 9న, ఆష్విట్జ్ విముక్తి దినమైన జనవరి 27న ఇరుగుపొరుగు కలిసి రాళ్లు తుడుస్తారు. బెర్లిన్‌లోనో మ్యూనిక్‌లోనో ఉద్యోగాలు చేస్తూ పిల్లల్ని అక్కడి బడులకు పంపుతున్న తెలుగు కుటుంబాలు ఆ రోజున ఒక గుడ్డ పట్టుకుని చేరవచ్చు, ఎవరూ పిలవనక్కర్లేదు. దొంగతనాలూ జరుగుతాయి. 2012 నవంబరులో గ్రైఫ్స్‌వాల్డ్‌లో ఉన్న 11 రాళ్లనూ ఒక్క రాత్రిలో పెకలించేశారు. 2024 అక్టోబరు 7న జైట్జ్‌లో పది రాళ్లూ ఎత్తుకెళ్లారు. రెండు ఊళ్లూ తిరిగి పెట్టించుకున్నాయి. పెట్టించుకోగలిగింది పేర్లు, తేదీలు, కచ్చితమైన చోటు కాగితం మీద భద్రంగా ఉన్నాయి కాబట్టి. ఫలకం బిగించిన రోజే దాని ఫొటో, పూర్తి పాఠం, ప్రతి పేరుకీ ఉన్న ఆధారం నకళ్లు బడిలో ఒకటి, నగర ఆర్కైవ్స్‌లో ఒకటి ఉంచాలి.

తప్పులు దొర్లుతాయి, ఎంత జాగ్రత్తపడినా. పారిస్ షోఆ స్మారక కేంద్రంలో 2005లో కట్టిన పేర్ల గోడను పదిహేనేళ్లు తిరక్కుండానే మళ్లీ చెక్కాల్సి వచ్చింది. అక్షర దోషాలు, పుట్టిన సంవత్సరాల తేడాలు, రెండుసార్లు వచ్చిన పేర్లు, విడిచిపోయిన పేర్లు కలిపి వెయ్యికి పైగా సవరణలు చేసి 2020 జనవరిలో తిరిగి తెరిచారు. అన్నేళ్ల పరిశోధన వెనకుండగా వాళ్లకే అది తప్పలేదు. బడి కమిటీకి అసలు తప్పదు. అందుకని చెక్కించే ముందు జాబితాను కనీసం ఆరు నెలలు బడి గుమ్మంలోనూ వార్డు ఆఫీసులోనూ కాగితం మీద అంటించి ఉంచాలి. పాత విద్యార్థులు, బంధువులు చూసి చెప్పే సవరణలు ఏ డేటాబేస్‌లోనూ దొరకవు. చెక్కించేటప్పుడు మూడో వరుస అడుగున ఐదారు పేర్లకు సరిపడా ఖాళీ వదలాలి. తర్వాత దొరికిన పేరు అక్షర క్రమంలో ఇమడదు, ఇమడక్కర్లేదు. రాయి కొట్టే మనిషిని బడికే పిలిపించి అక్కడికక్కడే చెక్కించవచ్చు, ఫలకం దించే పనే ఉండదు. ఆ ఒక్క పేరు చెక్కే రోజుకి కూడా పిల్లల్ని వరుసగా నిలబెట్టి, ఆ పేరు చదివించాలి.